రాని రోజుల వేలిముద్రలు

“మీ ఆయా ఇంట్లో ఉండంగానే మా యమ్మ మంచం మీద నుంచి పడింది. తుంటెముక ఇరిగింది. డెబ్బై దాటిన మనిషి. దీనికి ఎవురు జవాబు సెప్పేది?”

“నీ బాధ నాకు తెలస్తా ఉండాది నాయనా. కానీ ఆ మాపు మా మనిషి మీ ఇంట్లో లేదు.”

“లేకుంటే యాడికి పోయింది?”

“ఊర్లో గంగమ్మ చాటింపు పడింది గదా. అది పడినాక ఊరోళ్ళు రాత్రి పొలిమేర బయట ఉండకూడదు. పొద్దు గూకే లోపల పొలిమేర దాటి ఇంటికి వచ్చేసింది. ఈ వారమంతా ఇట్నే, రాత్రిళ్ళు ఉండదు అని మీ ఇంటికి ముందే సెప్పి పంపినాను.”

“చాటింపు లేదు, గీటింపు లేదు. పెరట్లో కూసోని వక్కాకు నముల్తా ఉండిందంట. నా పెండ్లామే సెప్పింది. అది అబద్ధం సెప్తుందా?”

“మా మనిషి వక్కాకు ముట్టదు. నా కాడ పని చేసేవాళ్ళు ఎవురూ ముట్టరు. అది ఈడి చట్టం.”

“అబ్బో, చట్టం!”

“అవునప్పా, చట్టమే. సర్కారుది గోడ మీద ఉండాది, నాది నోట్లో ఉండాది. రెండూ నడస్తా ఉండాయి. ఉండు, మస్టరు సూపిస్తాను. సూసి మాట్లాడు.”

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. అప్పటికి నా వయసు అరవైకి దగ్గర. పంతొమ్మిది వందల ఎనభైలు మొదలైన కొత్త. మా ఇంటి ముందుగదిలో బల్ల మీద కూర్చుని అరుస్తున్నవాడు రేణిగుంటలో రైల్వే ఉద్యోగి. మంచాన పడ్డ అతని తల్లిని చూసుకోవడానికి నా దగ్గర పనిచేసే ఆయాను ఏడు నెలలుగా పంపుతున్నాను. బుధవారం చీకటి పడ్డాక, అతను డ్యూటీలో ఉండగా, ముసలామె పడిపోయింది. తిరుపతి పెద్దాసుపత్రిలో చేర్చి, కాలికి ఇసుక మూట కట్టి వేలాడదీశారు. మరునాడు, గురువారం, ఎండ నెత్తి మీద ఉండగా అతను నేరుగా నా మీదికి వచ్చాడు.

నేను అరిచేవాళ్ళకు భయపడే మనిషిని కాను. లేచి, అలమారలోంచి మస్టరు తీసి, అతని ముందు పరిచాను. మస్టరంటే హాజరు పుస్తకం. ఎడమ పక్క ఆయాల పేర్లు, పైన తేదీలు, ప్రతి మనిషికీ పగటికొక వరుస, రాత్రికొక వరుస, రోజుకొక గడి. ఆమె పేరు పక్కన రాత్రి వరుస మీద వేలు పెట్టి, బుధవారం దాకా జరిపాను. “ఇదో, సూడు” అన్నాను.

అతను చూశాడు. నేనూ చూశాను. బుధవారం రాత్రి గడిలో నల్లగా, గుండ్రంగా ఆమె వేలిముద్ర ఉంది.

“ఇంగ ఏమంటావమ్మా?” అన్నాడు.

నా అరచెయ్యి ఆ వరుసలో మిగిలిన గళ్ళ మీద ఆనించి ఉంది. ఆ చెయ్యి ఎత్తి ఉంటే అతనికి నిజం ఒక్క క్షణంలో తెలిసిపోయేది. శుక్రవారానికీ ముద్ర ఉంది. శనివారానికీ ఉంది. ఇంకా రాని ఆదివారానికి కూడా, నెలాఖరు దాకా, ఒకదాని పక్కన ఒకటి, ముప్పై ఒక్క ముద్రలూ ఉన్నాయి. నేను చెయ్యి ఎత్తలేదు. మెల్లగా పుస్తకం మూసేశాను.

“రేపు పొద్దున పదిన్నరకు లేబరాఫీసులో కాగితం ఇస్తాను. ఆణ్ణించి పోలీసు స్టేషనుకు పోతాను. ఆ ఆయా ఇంగ ఏ ఇంట్లోనూ కాలు పెట్టకుండా చేస్తాను” అని చెప్పి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఈ పని నేను కావాలని మొదలుపెట్టింది కాదు. నేను చదివింది మూడో తరగతి. మా అత్తగారు పక్షవాతంతో ఎనిమిదేళ్ళు మంచాన ఉన్నారు. ఆ ఎనిమిదేళ్ళలో ఆమె వీపు మీద ఒక్క పుండు పడలేదు. ఆమె పోయిన రోజు, చూడ్డానికి వచ్చిన డాక్టరు వీపు తిప్పి చూసి, “అమ్మా, ఈ పని తెలిసిన మనిషి ఈ ఊళ్ళో లేదు. నా పేషెంటు ఒకాయన ఉన్నాడు, వాళ్ళింట్లో ఎవరికైనా ఇది నేర్పిస్తావా?” అన్నారు. దినాలు కాగానే పోయి నేర్పాను. తరువాత ఇంకో ఇల్లు. ఆ తరువాత, నేర్పించే బదులు మనిషినే పంపమన్నారు. మొగుడు పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. అట్లా పెరిగి పెరిగి పన్నెండుమంది అయ్యారు.

వాళ్ళకు నేర్పించడానికి నా దగ్గర ఒక వడ్లబస్తా ఉండేది. దానికి పాత చీర చుట్టి మంచం మీద పడుకోబెట్టేదాన్ని. బస్తాను కిందికి దించకుండా దాని కింద దుప్పటి మార్చాలి. ఒక్క గింజ రాలినా మళ్ళీ మొదటినుంచి. “బస్తాకి నొప్పి తెలీదు కాబట్టి ఆ నొప్పి నీకు తెలియాల” అనేదాన్ని. రెండు గంటలకొకసారి పక్క తిప్పాలి. గోళ్ళు ఉండకూడదు. రోగి తిన్నాకే తినాలి. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో పలకకూడదు. సూది ముట్టకూడదు, అది నర్సమ్మల పని. పక్కబట్టలకు కొత్త గుడ్డ కొననిచ్చేదాన్ని కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీరల కంటే రోగి ఒంటికి మంచిది ఏదీ లేదు.

అంతా బాగానే ఉందనుకుంటుంటే లేబరాఫీసు నుంచి కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. తీసుకునిపోయి, ఇదేందో తెలుగులో చెప్పమని ఆ ఆఫీసరునే అడిగాను. ఆయన చిత్తూరు మనిషి, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. మనుషులను పెట్టుకుని పనికి పంపేవాళ్ళు ఎవరైనా సర్కారు దగ్గర పేరు రాయించుకోవాలట. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలట. ఎంతసేపు పనో చీటీ రాసి ఇవ్వాలట. పనికి వచ్చినవాళ్ళు ఏ రోజుకారోజు మస్టరులో సంతకమో వేలిముద్రో పెట్టాలట.

మావాళ్ళలో కొందరు నవ్వారు. “ముసిలోళ్ళ గుడ్డలుతికేదానికి సర్కారు సంతకాలెందుకమ్మా?” అన్నారు. నాకు మాత్రం నచ్చింది. అత్తగారికి ఎనిమిదేళ్ళు చేసినప్పుడు అది పని అని ఎవరూ అనలేదు. ఇప్పుడు సర్కారు కాగితం మీద అది పని అని రాసి ఉంది. ఆ సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి గుమ్మానికి ఎదురుగా తగిలించాను. నేను డబ్బు పెట్టి అద్దం కట్టించింది దానికొక్కదానికే. మా ఆయన ఫోటోకు కూడా పాత కిటికీ అద్దమే కోయించాను.

అన్ని నియమాలూ సులభంగానే కుదిరాయి, మస్టరు తప్ప. పుస్తకం నా ఇంట్లో ఉంటుంది. మనుషులు తిరుచానూరులో ఒకరు, అలిపిరి దగ్గర ఒకరు, రేణిగుంటలో ఒకరు. వేలిముద్ర కోసం రోజూ బస్సెక్కి నా దగ్గరికి వస్తే, అక్కడ రోగి నోట్లో నీళ్ళెవరు పోస్తారు? ఆలోచించి ఒక దారి కనిపెట్టాను. నెల మొదటి రోజు అందరినీ పిలిచి, నెల మొత్తానికి ముద్రలు ఒకేసారి వేయించేదాన్ని. ఎండాకాలంలో ఇంకు ప్యాడు తొందరగా ఆరిపోతుంది, మూత రోజూ తీసే అవసరమూ తప్పుతుంది. అది తప్పని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నా మనుషులు చెప్పిన రోజు పోకుండా ఉండరు, పోయేది ఖాయం కాబట్టి ముందే వేస్తే ఏమి అనుకున్నాను. సెలవు పెడితే ఆ గడి కొట్టేసేదాన్ని. ఈసారి గంగమ్మ జాతర హడావుడిలో రాత్రి గళ్ళు కొట్టేయడం మరిచిపోయాను.

అంతకు ముందు ఒక నెలాఖరున ఆఫీసరు వచ్చి మస్టరు తిరగేశాడు. “అమ్మా, ఇంత శుభ్రమైన మస్టరు నేను యాడా చూడలేదు. ముద్రలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి” అన్నాడు. ఆ మాట పన్నెండుమందికీ చెప్పుకుని మురిసిపోయాను.

గురువారం దీపాలు పెట్టే ముందు ఆ ఆయా వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, గంగమ్మ గుడి వెనక వీధిలో ఒంటరిగా ఉండేది. నా దగ్గరికి వచ్చి ఆరేళ్ళు. బస్తా కింద దుప్పటి మొదటిసారే గింజ రాలకుండా మార్చింది ఆమె ఒక్కతే. జాతరకు ఇంటి ముందు పసుపునీళ్ళు చల్లి, వేపాకు కట్టి వచ్చింది. ముసలామె పడిందని అప్పటికే ఊళ్ళో విన్నది.

“నా మీద నింద ఏసినారంట గదమ్మా?” అంది, గడపలోనే నిలబడి.

“వేసినారు. లోపలికి రా.”

“నువ్వు సెప్పలేదా, నేను ఆడ లేనని?”

“సెప్పినాను. మస్టరు సూపించినాను.”

“సూపించి?”

“ముద్ర ఉండాది.”

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నడుము మీద చేతులు పెట్టుకుంది. “నెల ఒకటో తేదీ కూసోబెట్టి, పెండ్లికూతురికి గంధం పూసినట్టు ముప్పై గళ్ళకీ పూయించింది ఎవురమ్మా? వేలు నాది, తప్పు నీది, బోనెక్కేది నేనా?”

“నోరు తగ్గించు.”

“తగ్గించను. ఆ ఇంటి కోడలమ్మే గదా నన్ను పొమ్మనింది! ‘ఊరి కట్టుబాటు తప్పొద్దు, బస్సు పోతుంది, పో పో’ అని తరిమింది. మొగుడు అరుస్తాడని ఇప్పుడు మాట మార్చింది. మా ఈది ఈదంతా ఆ మాపు నన్ను సూసినారు, గుడికాడ నీళ్ళు పట్టుకుంటా ఉంటే.”

“మీ ఈది మాట ఆఫీసులో యాడ సెల్లుతుందే? ఆడ కాగితం సెల్లుతుంది.”

“ఆ కాగితంలోనే ఉండాది గదా! రేపటికీ ముద్ర ఉండాది, ఎల్లుండికీ ఉండాది. ఆయప్పకి కనపల్లేదా?”

నేను నా చేతివైపు చూసుకున్నాను. ఆమె తెలివిగలది. నా మొహం చూసి కనిపెట్టేసింది. కేకలు ఆపేసింది. మెల్లగా అంది: “సెయ్యి ఎత్తింటే సరిపోయేది గదమ్మా.”

ఆ మాటకు అరుపుల కంటే ఎక్కువ సిగ్గుపడ్డాను.

“ఎత్తితే ఆ పటం పోతుందే” అన్నాను, గోడవైపు చూపించి. “అది పోతే డాక్టర్లు మనకు ఇళ్ళు సెప్పరు. పన్నెండుమంది ఉండారు.”

“పన్నెండుమందిలో నేను లేనా?” అంది.

అని, గడప దిగి వెళ్ళిపోయింది. వీధి చివర డప్పులు వినిపిస్తున్నాయి. ఎవరో మొగపిల్లలు చీరలు కట్టుకుని జాతర వేషాలతో పోతూ నన్ను చూసి “అవ్వా, బియ్యం!” అని కేకేశారు. చేటలో కొంచెం బియ్యం వేసి పంపి, తలుపు వేసుకుని, మస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ వరుసలో ముప్పై ఒక్క ముద్రలు ఆమెవి. అందులో ఆమె నిజంగా వేసినవి ఎన్ని అని చూస్తే, ఒక్కటి కూడా కాదు. అన్నీ నేను వేయించినవే.

శుక్రవారం పొద్దున స్నానం చేసి, గోడ మీది సర్టిఫికెట్టు తీశాను. అది ఉన్నచోట సున్నం తెల్లగా మిగిలింది. దాన్నీ, మస్టరునూ, ఇంకు ప్యాడునూ, ఒక పాత క్యాలెండరు అట్టనూ గుడ్డసంచిలో పెట్టుకుని నడిచి ఆఫీసుకు పోయాను. తలుపులు తీసే వేళకు మెట్ల మీద ఉన్నాను. ఆఫీసరు వచ్చి, “ఏందమ్మా, పొద్దున్నే?” అన్నాడు.

బల్ల మీద మస్టరు తెరిచి పెట్టాను. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“ఈ పొద్దు ఏ తేదీ సార్?”

చెప్పాడు.

“రేపటి గడి సూడండి.”

చూశాడు. ఎల్లుండి గడి చూశాడు. పై పేరు, కింది పేరు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. “ఇది మొన్న నేను మెచ్చుకున్న పుస్తకమేనా?” అన్నాడు.

“అదే సార్.”

“మొత్తం ఒకేసారి వేయించినావా?”

“నెల ఒకటో తేదీ. రోజూ ఇంకు దండగ, బస్సు దండగ అనుకున్నాను. మోసం చేయాలని కాదు. కానీ నిన్న దీనివల్ల ఒక మనిషి మీద నింద పడింది. పడతా ఉంటే సూస్తా ఊరకుండిపోయినాను. ఈ పటం కూడా తెచ్చినాను, తీసుకోండి.”

జరిగినదంతా చెప్పాను. ఆయన విని తిట్టాడు. బాగానే తిట్టాడు. మస్టరు సర్కారు కోసం కాదని, పనిచేసే ఆడమనిషికి రేపు ఏదైనా జరిగితే ఆమె వైపు మాట్లాడటానికని అన్నాడు. “నువ్వేమో దాని నోరు నెల ముందే మూసేసినావు” అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. మా నాయన తిట్టినప్పుడు కూడా అంత బుద్ధిగా నిలబడలేదు.

“రోజూ మీ ఇంటికి రాలేరు సరే, మరి ఎట్ల చేస్తావు ఇకమీద?”

ఆ సంగతి రాత్రే ఆలోచించుకుని వచ్చాను. “ప్రతి ఇంట్లో రోగి తలకాడ ఒక అట్ట కడతాను. మా మనిషి వచ్చినప్పుడు ఒక ముద్ర, పోయేటప్పుడు ఒక ముద్ర. పక్కనే ఆ ఇంటివాళ్ళు సంతకం పెట్టల్ల. నెలాఖరుకు అట్టలన్నీ తెచ్చి మస్టరులో కుడతాను.”

ఆయన ఎర్ర సిరా పెన్ను తీశాడు. రాని రోజుల గళ్ళన్నీ అడ్డంగా కొట్టేశాడు. బుధవారం రాత్రి గడి చుట్టూ సున్నా చుట్టి, ముద్ర ముందే వేయించినది అని పక్కన రాసి, నాచేత సంతకం పెట్టించాడు. సర్టిఫికెట్టు తన బీరువాలో పెట్టుకున్నాడు. “నెల రోజులు చెప్పినట్టు నడిపి చూపించు. అప్పుడు ఇస్తాను. అంతదాకా పని ఆపమని నేను అనను” అన్నాడు.

అప్పుడే రేణిగుంట అతను లోపలికి వచ్చాడు, మడిచిన కాగితం చేతిలో. ఆఫీసరు పుస్తకం అతని వైపు తిప్పాడు. అతను ఎర్రగీతలన్నీ చూశాడు. రేపటి గడి మీద వేలు పెట్టాడు, తీశాడు.

“అయితే ఆ మాపు ఇంట్లో ఎవురుండారు?” అన్నాడు నా వైపు తిరిగి.

“అది నన్ను అడగొద్దప్పా. ఇంటికాడ అడుగు. అరవకుండా అడుగు. నువ్వు అరుస్తావనే భయంతోనే సగం అబద్ధాలు పుడతాయి.”

అతను కాగితాన్ని ఇంకో మడత మడిచి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు. నా వెనకే మెట్లు దిగాడు. ముసలామెను చూసి నాలుగు మాటలు చెప్పాలని నేను పెద్దాసుపత్రి దారి పట్టాను. అతనూ అటే కాబట్టి ఇద్దరం ఒకరికొకరం పది అడుగుల దూరంలో నడిచాం.

వార్డులో మంచం దగ్గర మా ఆయా ఉంది. నేను పంపలేదు, ఎవరూ పిలవలేదు. తెల్లారగానే తనంతట తానే వచ్చిందట. కొంగు నడుముకు దోపి, ఇసుక మూట కదలకుండా ముసలామె నడుం కింద మడతపెట్టిన పాతచీర జరుపుతోంది. అవతల పక్క ఆ ఇంటి కోడలు గంజి గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మొగుణ్ణి చూసి గ్లాసు కింద పెట్టేసింది.

“నేనే పొమ్మన్యాను” అంది, అతను అడగకముందే. “బస్సు పోతుందని నేనే పంపినాను. పొయ్యి కాడ పనిలో పడి అత్తను సూడలేదు. మీరు ఏమంటారో అని...” తరువాత ఏడ్చేసింది.

అతను తల్లి వైపు చూశాడు. ముసలామె కళ్ళు తెరిచే ఉంది. “దాన్ని ఏమీ అనొద్దురా” అంది. ఎవరి గురించి అన్నదో తెలియదు, ఇద్దరూ అక్కడే ఉన్నారు. అతను మా ఆయాను అడిగాడు: “గంజి తాగిందా?”

“రెండు గుక్కలు. వేడిగా ఉండాది, సల్లారినాక ఇస్తాను” అంది ఆమె, తల ఎత్తకుండా.

నేను సంచిలోంచి పాత క్యాలెండరు అట్ట తీసి, వెనక తెల్లటి వైపు గీతలు గీసి, మంచం కమ్మికి దారంతో కట్టాను. ఇంకు ప్యాడు మూత తీసి పట్టుకున్నాను. ఆమె నా వైపు చూసింది, అట్ట వైపు చూసింది.

“ఎన్ని ఎయ్యల్ల?” అంది.

“ఒకటే. ఈ పొద్దుకి.”

చెయ్యి కొంగుకు తుడుచుకుని, శుక్రవారం గడిలో బొటనవేలు ఒత్తింది. పక్క గడిలో రేణిగుంట అతను సంతకం పెట్టాడు. ఆమె వేలికంటిన ఇంకు కడుక్కుని వచ్చి, గ్లాసు తీసుకుని గంజి ఆర్చడం మొదలుపెట్టింది.